పన్ను పోయాక నేర్చుకున్న పాఠం

– ఈ హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ., మైక్రోబయాలజీ



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు ఫోను చేశారు. "కష్టపడి చదవండి, పైకి రండి" అని రాయడం తేలికే. కానీ ఆ మాట ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. నేను చదువుతున్నది సూక్ష్మజీవుల శాస్త్రం. మా ఇంట్లో డిగ్రీ పట్టా తెచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. కనుక ఆ చదువులో మన ఇళ్లకు పనికొచ్చే ముక్క ఒకటి చెబుదామనుకున్నాను. అది పళ్ల గురించి. నవ్వకండి. నా కింది దవడలో ఎడమవైపు ఒక పన్ను లేదు. ఆ పన్ను నొప్పి మొదలైన రాత్రి నేను ఈ హాస్టల్లోనే ఉన్నాను.

ఎనిమిదో తరగతిలో ఒక రాత్రి

అది 2015. నేను ఎనిమిదో తరగతి. రాత్రి స్టడీ అవర్ అయ్యాక పడుకుంటే దవడ సలుపు మొదలైంది. పన్ను నొప్పి ఎరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు, పగలు ఎలాగో ఓర్చుకోవచ్చు గానీ పడుకుంటే చాలు, గుండె కొట్టుకున్నట్టు పన్ను కొట్టుకుంటుంది. పక్క ట్రంకు పెట్టె వాడు వంటగదిలోంచి లవంగం తెచ్చాడు. ఇంకొకడు తలనొప్పి బామ్ చెంపకు రాశాడు. ఉప్పునీళ్లు పుక్కిలించాను. తెల్లవార్లూ హాల్లో తిరిగాను.

శనివారం ఇంటికి వెళ్లాను. నాన్న అప్పుడు చెన్నైలో బిల్డింగు పనిలో ఉన్నారు. అమ్మ జీడిపిక్కల ఫ్యాక్టరీకి వెళ్తే తప్ప ఆ రోజు కూలి రాదు. మామ్మ నన్ను సంతకి తీసుకెళ్లింది. అక్కడ గోనెపట్టా పరిచి, పళ్లెం నిండా పీకిన పళ్లు పోసుకుని ఒకాయన కూర్చునేవాడు. యాభై రూపాయలకి పీకేశాడు. సాయంత్రం దాకా రక్తం కారింది. "అది పాలపన్నే, మళ్లీ వస్తుందిలే బాబూ" అన్నాడు. నేను నమ్మాను. పదో తరగతి దాకా నాలుకతో ఆ ఖాళీ తడుముకుంటూ చూశాను. ఇంటర్లోనూ చూశాను. రాలేదు.

డిగ్రీ రెండో సంవత్సరంలో మా కాలేజీకి దంతవైద్య శిబిరం వచ్చింది. హౌస్ సర్జన్ చేస్తున్న ఒక మేడమ్ నా నోట్లోకి లైటు వేసి చూసి, "ఆరేళ్ల పన్ను ఎప్పుడు తీయించావు?" అన్నారు. పదమూడేళ్లప్పుడు తీయించానన్నాను. "కాదు, ఆ పన్ను వచ్చేది ఆరేళ్ల వయసులో" అన్నారు. ఆ మాట నాకు అంతవరకూ ఎవరూ చెప్పలేదు. సైన్సు పుస్తకంలో దంత సూత్రం బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే, అయినా అది నా నోటి గురించేనని తట్టలేదు.

ఆ ఆరేళ్ల పన్ను సంగతి

మనిషికి పాలపళ్లు 20, శాశ్వత దంతాలు 32. ఆరు నెలల వయసు నుంచి పాలపళ్లు రావడం మొదలై, మూడేళ్లు నిండేసరికి ఇరవై వచ్చేస్తాయి. తర్వాత ఆరేళ్లకు ముందుపళ్లు ఊడి కొత్తవి వస్తాయని అందరికీ తెలుసు. తెలియని సంగతి ఇది: సరిగ్గా అదే సమయంలో పాలపళ్ల వరుస వెనకాల, పైన రెండు, కింద రెండు, మొత్తం నాలుగు పెద్ద దవడపళ్లు మొలుస్తాయి. వాటి కోసం ఏ పన్నూ ఊడదు. చప్పుడు చేయకుండా వెనక మూలలో వస్తాయి. అందుకే అమ్మానాన్నలు వాటిని కూడా పాలపళ్లలో కలిపి లెక్కేస్తారు. పుచ్చినా "ఊడిపోయేవేగా" అని వదిలేస్తారు. అవి ఊడిపోయేవి కావు. చనిపోయేదాకా మనతో ఉండాల్సినవి. నమలడంలో పెద్ద భారం మోసేవి కూడా అవే.

పైగా ఆ పన్ను పైభాగం నున్నగా ఉండదు. లోతైన గాట్లు, పల్లాలు ఉంటాయి. బ్రష్ పోచ దూరనంత సన్నటి గాట్లలో అన్నం మెతుకు, బిస్కెట్టు పిండి ఇరుక్కుపోతాయి. కొత్తగా వచ్చిన పన్ను పింగాణీ ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు. అందుకే పిల్లల్లో అన్నిటికంటే ముందు పుచ్చేది తరచుగా ఇదే. దంతవైద్యులు ఆ గాట్లను పలచటి పూతతో మూసేస్తారు. దాన్ని సీలెంట్ అంటారు. మత్తుసూది లేదు, డ్రిల్లింగ్ లేదు, నొప్పి లేదు.

నా విషయంలో ఏమైందంటే, ఆ పన్ను పోయిన ఖాళీలోకి వెనక పన్ను ఒరిగింది. పైనున్న పన్ను ఆనడానికి కింద ఏమీ లేక కిందికి దిగింది. ఇప్పుడు నేను కుడివైపే నములుతాను. ఒక్క పన్ను పోతే ఒక్క పన్నుతో పోదని నాకు అలా తెలిసింది. పాలపళ్ల సంగతీ ఇంతే. ఎలాగూ ఊడేవే కదా అని పుచ్చిన పాలపన్నును ముందే పీకిస్తే, పక్కవి జరిగి కింద ఎదురుచూస్తున్న పన్నుకు చోటు లేకుండా చేస్తాయి. వంకర పళ్లకు అదొక కారణం.

మా చెల్లి ఇప్పుడు ఏడో తరగతి. నేను డిగ్రీ చదివేటప్పుడు ఒకసారి సెలవులకు వెళ్లి ఫోన్ లైటు వేసి దాని నోరు చూస్తే, అదే పన్ను మీద నల్ల చుక్క కనిపించింది. అమ్మ "పాలపన్నేరా" అంది. ఈసారి నేను ఊరుకోలేదు. ఏరియా ఆసుపత్రికి తీసుకెళ్లి సిమెంటు పెట్టించాం. పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి ఇంటికొచ్చేశాం.

పంట్లో పురుగు ఉంటుందా?

"పన్ను పురుగు పట్టింది" అంటాం. కొన్నిచోట్ల గింజలు కాల్చి పొగపెట్టి పురుగులు రాల్చామని చూపించేవాళ్లు కూడా ఉన్నారు. ఆ నమ్మకం మన ఒక్కరిదే కాదు, వేల ఏళ్లుగా ఎన్నో దేశాల్లో ఉంది. ఫ్రాన్స్ దేశపు దంతవైద్యుడు పియర్ ఫోషార్ 1728లో రాసిన గ్రంథంలో, తాను ఎంత వెతికినా పంట్లో పురుగులు కనిపించలేదని తోసిపుచ్చాడు.

పురుగులు లేవు గానీ వాటికంటే చిన్నవి ఉన్నాయి. 1683లో హాలెండుకు చెందిన లీవెన్‌హుక్ అనే ఆయన తన పళ్ల మీది పాచిని గీకి, తాను తయారుచేసుకున్న కటకం కింద పెట్టి చూశాడు. అందులో కదిలే జీవులు కనిపించాయి. లీవెన్‌హుక్ పెద్ద చదువులు చదివినవాడు కాదు, బట్టల వ్యాపారి. మనిషి నోటిలోని బాక్టీరియాను మొదట చూసింది ఆయనే. మా సబ్జెక్టు పుట్టిన చోట్లలో పళ్ల పాచి కూడా ఒకటని చెప్పుకోవడం నాకు సరదాగా ఉంటుంది. 1890లో మిల్లర్ అనే శాస్త్రవేత్త అసలు సంగతి తేల్చాడు: నోటిలోని సూక్ష్మజీవులు పిండిపదార్థాలను, తీపిని పులియబెట్టి ఆమ్లం తయారుచేస్తాయి, ఆ ఆమ్లమే పన్నును కరిగిస్తుంది. 1924లో క్లార్క్ అనే ఆయన పుచ్చుపళ్లలోంచి ఒక బాక్టీరియాను వేరుచేసి స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ అని పేరు పెట్టాడు. ఈ కథలో ముఖ్యమైన దొంగ ఇదే, అయితే ఒంటరి దొంగ మాత్రం కాదు.

ఇది మీరే చేసి చూడొచ్చు. హాస్టల్లో గుడ్డు పెట్టిన రోజు పెంకు ఒకటి దాచుకోండి. గ్లాసులో నిమ్మరసం గానీ వెనిగర్ గానీ పోసి అందులో వేయండి. కాసేపటికి బుడగలు వస్తాయి. ఒకటి రెండు రోజుల్లో పెంకు పలచబడి మెత్తబడుతుంది. గుడ్డు పెంకు కాల్షియం కార్బొనేటు, పంటి పింగాణీ కాల్షియం, ఫాస్ఫేటు కలిసిన వేరే లవణం. కనుక రెండూ ఒకటి కాదు. కానీ ఆమ్లం సున్నపు పదార్థాన్ని ఎలా తినేస్తుందో కళ్లకు కడుతుంది. నోటిలో పీహెచ్ విలువ సుమారు 5.5 కంటే దిగితే పింగాణీలోని ఖనిజం కరగడం మొదలవుతుంది. తీపి తిన్న కొద్ది నిమిషాల్లోనే పాచి కింద అంతకు దిగిపోతుంది. తర్వాత మన లాలాజలం మెల్లగా ఆమ్లాన్ని విరిచి, పోయిన ఖనిజంలో కొంత తిరిగి పూడుస్తుంది. దానికి అరగంట నుంచి గంట దాకా పడుతుంది.

ఇక్కడే అసలు కీలకం ఉంది. తీపి ఎంత తిన్నారు అన్నదానికంటే ఎన్నిసార్లు తిన్నారు అన్నది పన్నుకు ముఖ్యం. పండగ రోజు భోజనంతో పాటు నాలుగు అరిసెలు తిన్నవాడికి ఒక్కసారే ఆమ్లం దాడి. జేబులో బిళ్లలు వేసుకుని, క్లాసుకొకటి చొప్పున చప్పరించేవాడికి రోజంతా దాడే. లాలాజలానికి పూడ్చే తీరికే ఉండదు. జీళ్లు, చిక్కీ, క్రీము బిస్కెట్లు గాట్లలో అతుక్కుంటాయి కనుక ఇంకా ఎక్కువసేపు ఉంటాయి. చిక్కీ తినొద్దని నేను చెప్పను, పల్లీ బెల్లం బలమైన తిండి. తిన్నాక నోటినిండా నీళ్లు పోసుకుని గట్టిగా పుక్కిలించండి. కూల్‌డ్రింకు మాత్రం తీపీ ఆమ్లమూ రెండూ కలిసినది, దాన్ని సమర్థించే మాట నాకేదీ దొరకలేదు.

పింగాణీ మన ఒంట్లో అన్నిటికంటే గట్టి పదార్థం, ఎముకకంటే గట్టిది. కానీ అందులో జీవకణాలు లేవు. ఎముక విరిగితే అతుక్కుంటుంది, చర్మం తెగితే మూసుకుంటుంది, పన్నుకు రంధ్రం పడితే తనంతట తాను పూడదు. పింగాణీలో ఉన్నంతసేపు పుచ్చుకు నొప్పి తెలియదు. దాని కింద డెంటిన్ పొరలోకి దిగితే చల్లనీళ్లకు జివ్వుమంటుంది. ఇంకా కిందనున్న గుజ్జును తాకితే, నరం అంటారే అది, అప్పుడు నా ఎనిమిదో తరగతి రాత్రి మొదలవుతుంది. అంటే నొప్పి వచ్చేదాకా ఆగడమంటే రెండు మెట్లు దిగిపోయాక ఆగడం.

తోముకోవడం

మన హాస్టల్ పొద్దులు నాకు బాగా గుర్తు. బ్రష్ నోట్లో పెట్టుకుని, నురగ కారుతుండగా కబుర్లు చెబుతూ భవనం చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసేవాళ్లం. అరగంట తోమినట్టు లెక్క. నిజానికి బ్రష్ నోట్లో ఉండేది గానీ పళ్ల మీద ఉండేది కాదు. తోమినా ముందుపళ్లే, అద్దంలో కనబడేవే. రెండు నిమిషాలు చాలు, కానీ అన్నిచోట్లా తిరగాలి. మెత్తటి పోచల బ్రష్‌ను చిగురు, పన్ను కలిసేచోట ఏటవాలుగా ఆనించి, చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు కదపాలి. బయటివైపు, లోపలివైపు, నమిలే పైభాగం, చివరి దవడపన్ను వెనక, తర్వాత నాలుక. రంపం కోసినట్టు అడ్డంగా బరబరా రుద్దితే పళ్లు శుభ్రపడవు సరికదా చిగురు దగ్గర గంటు పడుతుంది.

రెండు పూటలూ తోమాలంటారు. ఒక్క పూటే తోముతాను అనేవాడు ఉంటే రాత్రి పూట తోముకోమంటాను. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. పాచికి కాపలా లేని సమయం అదే. రాత్రి తోముకున్నాక నీళ్లు తప్ప ఏమీ తీసుకోకూడదు. తోమాక నురగ ఉమ్మేస్తే చాలు, చెంబుడు నీళ్లతో పుక్కిలిస్తే పేస్టులోని ఫ్లోరైడ్ కూడా కొట్టుకుపోతుంది. మూడు నెలలకు, లేదా పోచలు విచ్చుకుంటే అంతకు ముందే బ్రష్ మార్చాలి. కాస్మెటిక్ ఛార్జీల డబ్బులో మొదటి వాటా దానికే పెట్టండి, హెయిర్ జెల్ తర్వాత కొనుక్కోవచ్చు. తడి బ్రష్‌ను ట్రంకు పెట్టెలో బట్టల మధ్య కుక్కకండి, నిలబెట్టి ఆరనివ్వండి. ఒకరి బ్రష్ ఒకరు వాడకండి. మా బ్యాచ్‌లో ఇద్దరు అన్నదమ్ములకు రెండేళ్లు ఒక్కటే బ్రష్.

వేపపుల్ల మంచిదేనా అని అడుగుతారు. లేత పుల్ల కొనను బాగా నమిలి, కుంచెలా చేసుకుని, నెమ్మదిగా తోమితే పాచి పోతుంది. అందులో ఫ్లోరైడ్ మాత్రం ఉండదు. బొగ్గు, ఇటుకపొడి, బూడిద, ఇసుక వద్దేవద్దు. అవి తెల్లగా చేసినట్టు కనిపిస్తాయి, చేసేది పింగాణీని అరగదీయడం. కొందరు ఆడవాళ్లు కాల్చిన పొగాకు పొడితో, నస్యంతో పళ్లు తోముతారు. నొప్పి తగ్గినట్టు ఉండడానికి కారణం పొగాకులోని నికోటిన్ మత్తు. తర్వాత అదే అలవాటై, రోజుకు నాలుగైదుసార్లు తోమనిదే ఉండలేరు. పళ్లపొడుల్లో, పేస్టుల్లో పొగాకు కలపడాన్ని కేంద్ర ప్రభుత్వం 1992లోనే నిషేధించింది.

ఫ్లోరైడ్ గురించి ఒక మాట. మా పీజీ హాస్టల్లో నా రూమ్మేటుది కనిగిరి వైపు. వాడి పళ్ల మీద గోధుమరంగు మచ్చలు, చారలు ఉంటాయి. చిన్నప్పుడు గార అనుకుని ఉప్పూ బొగ్గూ పెట్టి రక్తం వచ్చేలా తోమేవాడట. ఇప్పటికీ ఫోటోలో నోరు మూసుకుంటాడు. అది గార కాదు, ఫ్లోరోసిస్. పంటి పింగాణీ చిగురు లోపల తయారవుతున్న వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్లలోపు, తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చే మచ్చ. తోమితే పోదు. వాడు సోమరి కాడు, మురికివాడూ కాడు. మన దేశంలో ఈ జబ్బును 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో గుర్తించి రాశారు. నల్గొండ కథ అందరికీ తెలిసిందే. నీళ్లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అన్న పేరే స్థిరపడింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని హద్దు. మరి పేస్టులో ఫ్లోరైడ్ ఎందుకంటే, పంటి పైన తగిలే కొద్దిపాటి ఫ్లోరైడ్ పింగాణీని ఆమ్లానికి తట్టుకునేలా చేస్తుంది. మింగేది వేరు, పూసేది వేరు. అందుకే మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపుగింజంత, ఆరేళ్లలోపు వారికి బఠాణీ గింజంత పేస్టు చాలు. పెద్దవాళ్లు పక్కనుండి ఉమ్మించాలి. టీవీ ప్రకటనలో బ్రష్ ఈ చివర నుంచి ఆ చివరకు వేసే పేస్టు చూపు కోసం.

ఇంటికి వెళ్లినప్పుడు

పాలసీసాలో పంచదార పాలు పోసి, నోట్లో పెట్టి బిడ్డను నిద్రపుచ్చడం మన వీధిలో చూస్తూనే ఉంటాం. రాత్రంతా ఆ తీపి పై ముందుపళ్ల చుట్టూ నిలుస్తుంది. రెండేళ్లకే ఆ పళ్లు నల్లటి మొద్దులవుతాయి. పాలు తాగించాక సీసా తీసేసి, తడిబట్టతో చిగుళ్లు, పళ్లు తుడిస్తే చాలు. అక్కకో వదినకో చెప్పేటప్పుడు మెల్లగా చెప్పండి, బిడ్డ ఆకలి తీర్చాలనే కదా పాపం ఆవిడ పెట్టింది.

కడుపుతో ఉన్నవాళ్లకు చిగుళ్లు ఉబ్బి రక్తం వస్తుంటే తోమడం మానేస్తారు. మానకూడదు, ఇంకా శ్రద్ధగా తోమాలి. చిగుళ్ల నుంచి రక్తం రావడమంటే చాలాసార్లు అక్కడ పాచి పేరుకుందని అర్థం. ఆ పాచి గట్టిపడితే గార. గారను బ్రష్ తీయలేదు, డాక్టరే తీయాలి. గార తీయిస్తే పళ్లు వదులవుతాయని మా అమ్మ కూడా భయపడేది. అసలు సంగతి ఏమిటంటే, గార కింద చిగురూ ఎముకా అప్పటికే కరిగి ఉంటాయి. గార గోడలా పట్టి ఉంచడంతో కదలిక తెలియదు. తీయగానే ఉన్న సంగతి బయటపడుతుంది. షుగరు జబ్బు ఉన్నవాళ్లకు చిగుళ్ల జబ్బు త్వరగా ముదురుతుంది. చిగుళ్ల జబ్బు ఉంటే షుగరు అదుపులోకి రావడమూ కష్టమవుతుంది. మీ నాన్నకో మామయ్యకో షుగరు ఉంటే, కాళ్లు చూసుకోమన్నట్టే పళ్లు కూడా చూపించుకోమనండి.

పై పన్ను పీకితే కళ్లు పోతాయన్నది ఇంకో భయం. పంటి నరం వేరు, చూపు నరం వేరు. దానికీ దీనికీ సంబంధం లేదు.

మా మామ్మ అడ్డపొగ

ఈ భాగం రాయాలా వద్దా అని ఆలోచించాను. మామ్మనే అడిగాను. "రాసుకో, నాకేటి సిగ్గు" అంది.

మన ఉత్తరాంధ్ర తీరపు పల్లెల్లో ముసలమ్మలు చుట్టను అడ్డంగా తిప్పి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని తాగుతారు. దాన్ని అడ్డపొగ అంటాం. గాలికి చుట్ట ఆరిపోదని, పొలంలో చేతులు ఖాళీగా ఉంటాయని, నుసి బిడ్డ మీద పడదని, పన్ను నొప్పి తగ్గుతుందని, ఎవరి కారణం వారిది. 1971లో డెన్మార్కుకు చెందిన పిండ్‌బోర్గ్, బొంబాయిలోని టాటా ప్రాథమిక పరిశోధన సంస్థకు చెందిన మెహతా తదితరులు ఒక పరిశోధన ప్రచురించారు. మన శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్లు చూస్తే, నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ తాగేవాళ్లే. లైబ్రరీలో ఆ వ్యాసం కనబడినప్పుడు నా ఒళ్లు జలదరించింది. ఇంగ్లీషు పత్రికలో మా మామ్మలు. వాళ్ల నోళ్ల ఫోటోలు ప్రపంచమంతా చూసింది, వాళ్ల మనవలమైన మేం చూడలేదు.

నిప్పు సెగ, పొగ నేరుగా నోటి పైకప్పుకు, అంటే అంగిలికి తగులుతాయి. అంగిలి తెల్లబడి, పగుళ్లు బారి, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు వస్తాయి. కొందరికి పుండు పడుతుంది. మామూలుగా పొగాకు తినేవాళ్లకు క్యాన్సర్ చెంపలోనో నాలుక మీదో వస్తే, వీళ్లకు అంగిలిలో వస్తుంది.

పోయిన సంక్రాంతికి మామ్మ నోరు లైటు వేసి చూశాను. ఎండిన చెరువు అడుగులా ఉంది. విశాఖపట్నం తీసుకెళ్లాను. ముక్క తీసి పరీక్ష చేశారు. రిపోర్టు రావడానికి పట్టిన పది రోజులూ నేను పుస్తకం తెరవలేదు. క్యాన్సర్ కాదు, కానీ ఆ దారిలో ఉంది, అలవాటు మానాలి, మూడు నెలలకోసారి చూపించుకోవాలి అన్నారు. క్యాన్సరే అయితే, 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలై ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవగా ఉన్న పథకంలో చికిత్స ఉందని కూడా అప్పుడే తెలుసుకున్నాను. మామ్మ ఇప్పుడు అడ్డపొగ మానింది. చుట్ట మానలేదు. "తిన్నగా తాగుతున్నాను గదరా" అంటుంది. తిన్నగా తాగినా ముప్పేనని నేనంటాను. ఈ తగువు ఇంకా తెగలేదు.

తమ్ముళ్లూ, మామ్మ చేతిలో చుట్ట మనకు కనబడుతుంది గానీ మన జేబులో గుట్కా పొట్లం, ఖైనీ కనబడవు. మా రోజుల్లో బాత్రూముల వెనక ఏం జరిగేదో నాకు తెలుసు, ఇప్పుడేం జరుగుతోందో మీకు తెలుసు. ఒక చిన్న పరీక్ష చేసుకోండి. మూడు వేళ్లు ఒకదానిపై ఒకటి నిలువుగా పెట్టి నోట్లోకి దూర్చండి. మీ వేళ్లు, మీ నోరే. దూరకపోతే, కారం తగిలితే నోరు మండుతుంటే, చెంపల లోపల తాళ్లలా గట్టిపడుతోందని అనుమానించాలి. వక్క, గుట్కా నమిలేవాళ్లకు వచ్చే జబ్బు ఇది. అదీ క్యాన్సర్‌కు ముందు దశే. అలాగే ఇంట్లో ఎవరికైనా రెండు వారాలు దాటినా మానని పుండు, తుడిస్తే పోని తెల్ల లేక ఎర్ర మచ్చ ఉంటే ఆలస్యం చేయవద్దు. నొప్పి లేదు కదా అనుకోకండి, మొదట్లో ఉండదు.

డాక్టరు దగ్గరికి

ఏరియా ఆసుపత్రుల్లో, జిల్లా ఆసుపత్రుల్లో దంతవైద్యులు ఉంటారు. ఓపీ చీటీ రాయించుకుంటే చూస్తారు. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడులకు, అంగన్‌వాడీలకు వచ్చే బృందాలు పద్దెనిమిదేళ్లలోపు పిల్లల్లో వెతికే సమస్యల జాబితాలో పుచ్చుపళ్లు కూడా ఉన్నాయి. వాళ్లు వచ్చిన రోజు వెనక బెంచీలో దాక్కోకండి, నేను దాక్కున్నాను.

డబ్బు లెక్క మా ఇంటి కొలతలో చెబుతాను. బయట క్లినిక్‌లో చిన్న పుచ్చుకు సిమెంటు పెట్టిస్తే మా అమ్మ రెండు మూడు రోజుల కూలి. నరం దాకా పోయాక రూట్ కెనాల్ చేసి క్యాపు వేయిస్తే ఇంచుమించు ఇరవై రోజుల కూలి. అందుకే మనవాళ్లు పీకించేస్తారు. నేను వాళ్లను తప్పు పట్టను. మొదటి నల్ల చుక్క కనబడినప్పుడే వెళ్తే ఆ ఇరవై రోజుల కూలి మిగులుతుంది, అంతే.

మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ రెండు రోజులు మింగి మానేయకండి. పుచ్చు మాత్రలతో పోదు, సూక్ష్మజీవులు మాత్రం మందుకు లొంగకుండా తయారవుతాయి. ఇది మా సబ్జెక్టు కనుక గట్టిగా చెబుతున్నాను. నొప్పి మాత్రను చిగురు మీద పెట్టి నలిపితే చిగురు కాలుతుంది. పన్ను నొప్పితో పాటు దవడ, మెడ వాచి, జ్వరం వచ్చి, నోరు తెరవలేక, మింగలేకపోతే తెల్లారేదాకా ఆగవద్దు. వార్డెన్ గారిని లేపండి, 108కి ఫోను చేయించండి. ఆ వాపు గొంతుకు దిగితే ఊపిరి ఆడదు.

ఇంకొకటి కబడ్డీ ఆడేవాళ్ల కోసం. దెబ్బ తగిలి శాశ్వత దంతం మొత్తంగా ఊడి కింద పడితే పారేయకండి. వేరు పట్టుకోకుండా, తెల్లగా కనబడే పైభాగం పట్టుకుని తీయండి. మట్టి ఉంటే పాలతో గానీ నీళ్లతో గానీ ఒక్క క్షణం కడగండి, రుద్దకండి. ఊడిన చోటే మెల్లగా కూర్చోబెట్టి, శుభ్రమైన గుడ్డ కొరికి పట్టుకుని పరుగెత్తండి. కూర్చోబెట్టలేకపోతే వంటగదిలోంచి పాలు తెచ్చి, అందులో వేసి తీసుకెళ్లండి. అరగంట, గంటలోపు దంతవైద్యుణ్ణి చేరితే ఆ పన్ను మళ్లీ అతుక్కునే అవకాశం ఉంది. ఊడింది పాలపన్నైతే మాత్రం తిరిగి పెట్టకూడదు.

వార్షికోత్సవం రోజు పొద్దున్నే నేను వస్తున్నాను. పాటల ప్రాక్టీసు మొదలయ్యేలోపు, చిన్న తరగతుల తమ్ముళ్లు వరండాలో వరుసగా కూర్చోండి. నా దగ్గర టార్చి ఉంటుంది, అద్దం ఉంటుంది. మీ ఆరేళ్ల పన్ను ఎక్కడుందో మీకే చూపిస్తాను. నల్ల చుక్క ఉన్నవాళ్ల పేర్లు రాసి వార్డెన్ గారికి ఇస్తాను. ఆ తర్వాతి సోమవారం అందర్నీ ఆసుపత్రికి పంపుతానని ఆయన మాటిచ్చారు.